జాబెజ్ స్లోకమ్ రాసిన కట్టెలు

ఈనస్ లార్కిన్‌కి ఉన్నది ఒకటే పిచ్చి. ఏనాడో చచ్చిపోయినవాళ్లు వీలునామాల్లో రాసిన పనుల్ని ఇవాళ బతికున్నవాళ్ల మెడలు వంచి చేయించడం.

పూర్వీకుల పిచ్చి వెస్ట్ డన్‌బరోలో అందరికీ ఉంది. ఇంగ్లండు నుంచి తమ మూలపురుషుడు ఏ ఓడలో వచ్చాడో, దారిలో ఎన్నిసార్లు వాంతి చేసుకున్నాడో కూడా చెప్పగలరు. ప్రతి ఇంట్లో గోడకి ఒక వంశవృక్షం వేలాడుతుంటుంది. దాని మీద దుమ్ము తుడిచి, వచ్చినవాళ్లకి చూపించి, తృప్తిగా టీ తాగుతారు. ఈనస్‌కి అది చాలదు. వాచీలు బాగుచేసే కొట్టు మూసేసిన దగ్గర్నుంచీ ఆయన రోజూ టౌన్ హాలుకి వచ్చి, ఇనప తలుపు గది తీయించుకుని, తోలు అట్టల పుస్తకాల ముందు కూర్చుంటాడు. ఆ గదిలో పాత కాగితాలు ఎండుటాకుల వాసన వేస్తాయి. సిరా గోధుమరంగుకి తిరిగి, ఎవరో చెప్పబోయిన మాట మధ్యలో ఆపేసి పొలానికి వెళ్లిపోయినట్టు ఉంటుంది. ఆ ఆగిపోయిన మాట పూర్తి చేయడం తన బాధ్యత అని ఈనస్ నమ్మకం.

"వెర్నా, ఇది చూడు. 1704లో పికరింగ్ తన కూతురికి ఈకల పరుపు ఇమ్మని కొడుక్కి రాశాడు."

"చూశానండీ."

"ఇచ్చాడా?"

"నాకెలా తెలుస్తుందండీ?"

"తెలియనప్పుడు ఇవ్వనట్టే." ఆయన టోపీ పెట్టుకుని బయల్దేరేవాడు.

వెర్నా పెక్ ఆ ఊరి టౌన్ క్లర్కు. ఇరవై రెండేళ్లుగా జననాలూ మరణాలూ, కుక్కల లైసెన్సులూ, ఆ పాత వీలునామాలూ అన్నీ ఆవిడ తాళంచెవి కిందే ఉన్నాయి. సాయంత్రం నాలుగు దాటి రెండు నిమిషాలైందని సొంత తమ్ముడి కుక్కకి లైసెన్సు రాయకుండా వెనక్కి పంపిన మనిషి. ఈనస్ ఒక చలికాలం అంతా కూర్చోబెట్టి ఆవిడకి ఆ పాత కాలపు చేతిరాత చదవడం నేర్పాడు. ఊళ్లో అది చదవగలిగేది వాళ్లిద్దరే. మిగతావాళ్లకి అది సిరాలో పడ్డ సాలీడు నడిచి వెళ్లిన దారి.

ఆ పరుపు సంగతికి వస్తే, పికరింగ్ వంశంలో మిగిలింది మంగలి గస్. సగం గడ్డం గీసిన మనిషిని కుర్చీలో వదిలేసి అతను ఈనస్‌తో వాదించాడు.

"పెద్దాయనా, ఆ చెల్లెలు పోయి రెండువందల ఏళ్లు దాటింది."

"నీకు చెల్లెలు లేదూ?"

"ఉంది. పదకొండేళ్లుగా మాటల్లేవు."

"మాట్లాడమని ఎవడన్నాడు? పరుపు ఇమ్మన్నాడు."

పీడ వదిలించుకుందామని గస్ పరుపు నెత్తిన పెట్టుకుని మెయిన్ స్ట్రీట్ వెంట నడిచాడు. గుమ్మంలో దించేసి వచ్చేస్తానన్నవాడు మూడు గంటల తరవాత తిరిగొచ్చాడు. మీసాల మీద యాపిల్ కేకు తునకలున్నాయి. "ఏం మాట్లాడుకున్నారు?" అని అడిగితే, "పరుపు గురించే" అన్నాడు.

ఆ తరవాత ఊళ్లో ఎవరికీ నెమ్మది లేదు. పోలీసు ఛీఫ్ పూర్వీకుడు పాదిరిగారి గడ్డి కోసిపెట్టమని రాశాడట. ఛీఫ్ ప్రతి జూన్‌లోనూ యూనిఫాంలోనే చర్చి వెనక లాన్ కోస్తాడు. ఈనస్ పొడుగు కోటు వీధి మొదట్లో కనబడగానే జనం అవతలి పేవ్‌మెంటు ఎక్కేవారు. ఒకాయన అయితే చేతులెత్తేశాడు.

"నన్నొదిలెయ్యండి! నేనంతా మా అమ్మ పోలిక!"

"మీ అమ్మవైపు ఇంకా ఘోరం నాయనా. కూర్చో, చెబుతా."

ఊరంతా నవ్వుకునేది. వెర్నా కూడా. ఆ నవ్వు లొవీసా స్లోకమ్ దగ్గరికి వచ్చేసరికి ఆగేది.

భర్త అమోస్ పోయాక లొవీసా స్లోకమ్‌ల పాత ఇంట్లో తూర్పువైపు రెండు గదుల్లో ఒంటరిగా మిగిలింది. డెబ్బై తొమ్మిదేళ్లు. వెన్ను గడకర్రలా నిటారు. ఎవరైనా సూపు గిన్నె పంపితే, మర్నాడు ఆ గిన్నెలో అంతకన్నా మంచి సూపు వెనక్కి వచ్చేది. అదే ఏడు ఇళ్లు వెచ్చబెట్టుకునే నూనె ధర రెట్టింపై ఊరంతా స్వెట్టర్లలోకి దూరింది. లొవీసా పగలు కోటు వేసుకుని తిరిగేది, రాత్రి దాన్నే కప్పుకునేది. ఇంకో చలికాలం ఇలా గడిస్తే ఊపిరితిత్తులు తట్టుకోవని, కౌంటీ వృద్ధాశ్రమం తప్పదని డాక్టర్ తేల్చేశాడు.

హోరెస్ స్లోకమ్ అమోస్‌కి పినతండ్రి కొడుకు. ఊరికంతటికీ హీటింగ్ నూనె అమ్మేది అతనే. తన లారీ తీసుకుని వదిన గుమ్మం ముందు ఆపాడు.

"ఊరికే నింపి వెళతాను వదినా. ఒక్క పైసా వద్దు."

"నేను దిక్కులేనిదాన్నని ఊళ్లో దండోరా వేయించాలనా? లారీ తియ్యి. గేటు మూసి వెళ్లు."

ఆ వారంలోనే ఈనస్‌కి జాబెజ్ స్లోకమ్ వీలునామా దొరికింది. 1719 నాటిది. భార్య మెహిటబెల్‌కి ఇంటి తూర్పు గది రాశాడు జాబెజ్. వంటింట్లోంచి బావికి నడిచే హక్కు రాశాడు. ఏటా పది బండ్ల ఎండుకట్టెలు, నరికి, చీల్చి, గుమ్మం ముందు పేర్చి పెట్టాలన్నాడు. ఎనిమిది బుట్టల యాపిల్స్, ఆదివారం ప్రార్థనకి వెళ్లడానికి సాధువైన గుర్రం. ఇవన్నీ పెద్దకొడుకు, అతని తరవాతివాళ్లు అమర్చాలి.

ఈనస్ ఆ కాగితం చెప్పే మాటని మోసుకుని తూర్పు గదికి వెళ్లాడు.

"అమ్మా, మీకు రావాల్సినవి రావడం లేదు. హోరెస్ ఎగ్గొడుతున్నాడు."

లొవీసా కళ్లలో చాలా రోజుల తరవాత వెలుగొచ్చింది. ఎవరూ ఏమీ ఇవ్వక్కర్లేదు. తనది తనకి రావాలి, అంతే. అది వేరే సంగతి. "వాడేమంటాడో నేనూ చూస్తాను" అంది.

హోరెస్ టౌన్ హాలు కప్పు ఎగిరిపోయేలా అరిచాడు. చచ్చిన జాబెజ్‌ని, బతికున్న ఈనస్‌ని కలిపి తిట్టాడు. అయినా అక్టోబరులో కట్టెలు వచ్చాయి. ప్రతి కట్టె కిందపడేటప్పుడు ఒక తిట్టు వినిపించేది. ఆదివారం ఆదివారం లారీయే గుర్రమయ్యేది. లొవీసా టోపీ పెట్టుకుని ఠీవిగా ఎక్కి కూర్చునేది.

"నీ గుర్రం దగ్గుతోంది హోరెస్."

"జాబెజ్‌ని అడుగు వదినా, మందు వేస్తాడేమో."

"ఈ కట్టె పచ్చిగా ఉంది. మీ తాత ఎండుకట్టె అని రాయలా?"

రెండు చలికాలాలు అలా గడిచాయి. లొవీసా బుగ్గలు రంగు తేరాయి. సణిగించుకునే మనిషి, సణిగే మనిషి, ఇద్దరికీ ఆరోగ్యం కుదిరింది.

మూడో నవంబరులో ఒక శనివారం చర్చివాళ్ల ఆల్చిప్పల సూపు విందులో పాదిరిగారి భార్య, పాపం మంచి మనిషే, లొవీసా పక్కన కూర్చుని చెయ్యి నిమిరింది. "మీ హోరెస్ ఎంత దయగలవాడో కదండీ. మీ కోసం ఎంత చేస్తున్నాడో!"

లొవీసా చెంచా కింద పెట్టింది.

సోమవారం పొద్దున టౌన్ హాలు తలుపు తెరుచుకునేసరికి ఆవిడ మెట్ల మీద ఉంది. వెనకాల హోరెస్, చేతిలో టోపీ నలుపుకుంటూ. ఈనస్ అప్పటికే లోపల తన బల్ల దగ్గర చేరాడు.

"వెర్నా, జాబెజ్ వీలునామా పైకి చదువు. మొదట్నుంచీ చివరిదాకా" అంది లొవీసా. "ఈ రెండేళ్లూ నేను తిన్నది హక్కో, బిచ్చమో నాకు తెలియాలి. బిచ్చమైతే ఇంకొక్క పుల్ల కూడా పొయ్యిలో పెట్టను. ఈ మధ్యాహ్నమే కౌంటీ ఆశ్రమానికి పెట్టె సర్దుకుంటాను."

"ఎందుకు వదినా ఇదంతా? ఏదో రాసే ఉంటాడు" అన్నాడు హోరెస్.

"నువ్వు మాట్లాడకు."

వెర్నా పుస్తకం దించి కౌంటరు మీద పెట్టింది. ఆ వీలునామా గురించి ఆవిడ విన్నదంతా ఈనస్ నోటే. ఆ పుట స్వయంగా ఎప్పుడూ చదవలేదు. వేలు పెట్టి నెమ్మదిగా మొదలుపెట్టింది. తూర్పు గది ఉంది. బావి దారి ఉంది. కట్టెలు, యాపిల్స్, గుర్రం, అన్నీ ఉన్నాయి. గొంతు చదువుతుంటే కన్ను రెండు పంక్తులు ముందుకి నడిచింది. అక్కడ ఆగిపోయింది.

'ఆమె నా వితంతువుగా జీవించినంత కాలం మాత్రమే. ఆమె మరణంతో ఈ హక్కులన్నీ సమసిపోవాలి.'

మెహిటబెల్ 1731లో పోయింది. ఆ మరణం రాసి ఉన్న పుస్తకం పక్క అరలోనే ఉంది.

వెర్నా తలెత్తింది. ఈనస్ ఏదో పుట మీదికి బాగా వంగిపోయి ఉన్నాడు. ఆయన చెవులు రెండూ దీపావళి ప్రమిదల్లా ఎర్రగా వెలుగుతున్నాయి. ఒక్క అక్షరం తేడా వస్తే ఒప్పుకోని మనిషి ఈ పంక్తి చూడకపోవడమా? అప్పుడు ఆవిడకి పరుపు మోసిన గస్ గుర్తొచ్చాడు. మోకాళ్ల నొప్పులతో గడ్డి కోసుకోలేని పాదిరిగారు గుర్తొచ్చారు. ఈ పెద్దమనిషి ఇన్నేళ్లుగా వీలునామాలు చదివి ఊళ్లోకి వెళ్లడం లేదు. ఊరు చూసి, అక్కడేం కావాలో తెలుసుకుని వచ్చి, వీలునామాలు వెతుకుతున్నాడు.

"ఆగావేం?" అంది లొవీసా. కౌంటరు మీద ఆవిడ చెయ్యి ఉంది. చేతితొడుగు వేళ్ల చివర్లు నాలుగు రంగుల ఊలుతో అల్లి అతుకులు వేసి ఉన్నాయి.

ఇరవై రెండేళ్లలో వెర్నా ఆ పుస్తకాల్లో ఒక చుక్క కూడా మార్చి చదవలేదు. గొంతు సవరించుకుంది.

"'ఆమె తదనంతరం, ఆ తూర్పు గదిలో నివసించే ప్రతి స్లోకమ్ వితంతువుకీ, ఎన్ని తరాలైనా సరే, ఇవన్నీ చెందవలెను.'"

ఈనస్ పుట తిప్పడం మానేశాడు.

"అంతేనా?" అంది లొవీసా.

అక్కడితో పుస్తకం మూసెయ్యచ్చు. కానీ గోడ దూకిన మనిషికి పక్కనే పండ్ల కొమ్మ కనబడితే చెయ్యి ఊరుకోదు.

"ఇంకొకటుంది. 'మరియు, గుడ్లు పెట్టే కోడిపెట్ట ఒకటి.'"

"కోడా?" అన్నాడు హోరెస్.

"కోడా?" అన్నాడు ఈనస్, అంతకన్నా గట్టిగా.

లొవీసా నెమ్మదిగా అతనివైపు తిరిగింది. "రెండేళ్లయింది. నా కోడి మాట ఎందుకు చెప్పలేదు ఈనస్?"

"అమ్మా, నేను... ఆ పంక్తి... చేతిరాత..."

"నీకు కళ్లు తగ్గుతున్నాయి. వెర్నాని చూసి నేర్చుకో." ఆవిడ చేతితొడుగులు సర్దుకుంది. "ఏ రంగు పెట్టో రాశాడా?"

"ఎర్రదండీ" అంది వెర్నా, పుస్తకంలోకి చూడకుండానే.

"విన్నావుగా హోరెస్. శనివారంలోగా రావాలి." ఆవిడ తల ఎత్తుకుని బయటికి నడిచి, లారీ ఎక్కి కూర్చుంది.

తలుపు మూసుకోగానే ఈనస్ కౌంటరు దగ్గరికి దూసుకొచ్చాడు. "ఏ పంక్తి? ఏదీ, చూపించు! కోడి ఎక్కడుంది ఇందులో? పుస్తకాన్ని పట్టుకుని పచ్చి అబద్ధం చదువుతావా?"

"మీరు ఈ అబద్ధాన్ని రెండేళ్లు మోశారు. నేనొక్క కోడినే కలిపాను."

"నేను ఒక పంక్తి చెప్పలేదు, అంతే. నువ్వు కొత్తది పుట్టించావు! అది వేరు, ఇది వేరు!"

హోరెస్ ఇంకా వెళ్లలేదు. టోపీ అంచు తిప్పుకుంటూ నిలబడ్డాడు.

"మా ఇంట్లో ఈ వీలునామాకి నకలు ఉండేది పెద్దాయనా. థాంక్స్‌గివింగ్ పండగనాడు మా నాన్న చదివి వినిపించేవాడు. మెహిటబెల్‌తోటే అన్నీ అయిపోయాయని నాకు ఏడేళ్లప్పుడే తెలుసు."

ఈనస్ నోరు తెరుచుకుంది. "తెలిసీ కట్టెలు తోలావా? మరి ఆ తిట్లన్నీ?"

"నేను తిట్టకపోతే వదిన కట్టె ముట్టుకుంటుందా?"

"ఆ నకలు లొవీసా గారి కంటపడితే?" అంది వెర్నా.

"పడదు. విందులో ఆ మాట వినగానే భయమేసింది. నిన్న పొద్దున వదిన పొయ్యి రాజేసింది దాంతోనే. నా చేత్తోనే పెట్టాను." ఎర్రకోడి ఎక్కడ దొరుకుతుందో అని గొణుక్కుంటూ అతను వెళ్లిపోయాడు.

ఈనస్ రెండు చేతులతో కౌంటరు పట్టుకున్నాడు. ముఖం తెల్లబడింది. వెర్నా కుర్చీ లాగి కూర్చోబెట్టి గ్లాసుతో నీళ్లిచ్చింది. ఆయన తాగలేదు. కిటికీలోంచి లారీ వెళ్లినవైపు చూశాడు.

"ఎంత మంచివాడు వెర్నా" అన్నాడు చివరికి. "ఎంత మంచివాడు! ఆ నకలు కాల్చేముందు ఒక్క అరగంట నాకిచ్చి ఉంటే ఏం పోయేది వెధవకి?"