రామేశ్వరంల సముద్రం ఎతుకులాట

“శీనూ! ఓ శీనూ! సముద్రం ఏడరా?”

కొమురయ్య మామ మెట్ల మీద నిలబడి ఒర్రుతాండు. అప్పుడప్పుడే తెల్లారుతాంది. లుంగీ మోకాళ్ల దాక ఎగ్గట్టిండు, భుజం మీద తువ్వాల. ఆయన కాళ్లకు నీళ్లు తాకుతానయ్. ఆ నీళ్లే సముద్రం! ఆ ముచ్చట ఆయనకు తెల్వది. చెప్పాల్సినోన్ని నేను. నాకు అంతకంటే తెల్వది!

మొన్న రామేశ్వరంల నా ఇజ్జత్ ఎట్ల పోయిందో చెప్త, చాయ్ తాగుకుంట వినుండ్రి. నవ్వితే మాత్రం మధ్యల్నే లేచిపోత!

నేను పని చేసేది సుబేదారిల ఫొటో స్టూడియోల గదా. గోడకు ఒక పెద్ద పరదా ఉంటది. నీలి సముద్రం, తాటిచెట్టంత అలలు, వంగిన కొబ్బరిచెట్టు. పొద్దందాక దాన్నే చూస్త. గిరాకీ లేకపోతే కండ్లు మూసుకుని అలల సప్పుడు గూడ వింట! ఒకనాడు మా గల్లీల ఉండే కొమురయ్య మామ బిడ్డ స్వప్న పాస్‌పోర్ట్ సైజు ఫొటోకు వచ్చింది. ఆ పరదా చూసి, “శీనూ, నువ్వు ఎప్పుడన్న నిజం సముద్రం చూసినవా?” అన్నది.

“ఓ, రెండుసార్లు! రామేశ్వరంల!”

ఆ మాట నా నోట్లెకెల్లి ఎట్లొచ్చిందో ఇప్పటికీ తెల్వది. ఆమె “అబ్బ!” అని కండ్లు పెద్దగ చేసింది. ఇగ ఆగుతనా! ఫోన్ల వీడియోలల్ల చూసినయన్ని అప్పజెప్పిన. చుట్టు సముద్రం, నడుమ ఊరు. నీళ్ల మీదికెల్లి రైలు పోయే వంతెన. గుళ్లె ఇరవై రెండు బావులు. ధనుష్కోడి కాడ రెండు సముద్రాలు కలిసే కొస. అలలు మాత్రం మా పరదా మీదియే చెప్పిన!

ఆమె ఇంటికి పోయి నాయినకు చెప్పింది. వారం తిరగకముందే మామ స్టూడియోకు వచ్చిండు. “శీనూ, టెంపో మాట్లాడిన. గల్లీలోళ్లం పన్నెండుమందిమి రామేశ్వరం పోతానం. ఎవ్వలకు ఏం తెల్వది. నువ్వు చూసినోనివి, నువ్వే తోల్కపోవాలె.” స్వప్న గూడ వస్తాంది! ఎట్ల కాదంట? పైంగ, “నాలుగూర్లు తిరిగిన పోరడు, పనికొస్తడు” అని మామ ఇంట్ల అన్నడట. స్వప్ననే చెప్పింది. ఆ ఒక్క మాట మీద నేను తొవ్వ పొడుగూత ఎన్ని కలలు కన్ననో! ఆ కలలల్లనే నిద్రవట్టింది. చీకట్ల అందరం నిద్రలనే ఉన్నం, సముద్రం మీది పాంబన్ వంతెన ఎప్పుడు దాటినమో ఒక్కలం చూడలే.

దిగినంక నేను ముందు, వాళ్లు ఎనుక. “ముందుగాల సముద్రంల మునగాలె. తడిబట్టల్తోనే గుళ్లెకు పోయి ఇరవై రెండు బావుల నీళ్లు పోయించుకోవాలె. ఆడి పద్ధతి గట్లనే” అని పంతులు లెక్క చెప్పుకుంట నడిచిన. గుడి ముంగటి తొవ్వ పట్టుకుని పోతే మెట్లు, మెట్ల కింద నీళ్లు.

అల లేదు. ఒక్కటంటే ఒక్కటి లేదు! పడవలు కదలకుండ నిలబడ్డయ్. మన భద్రకాళి చెరువన్న గాలొస్తే ఇంతకన్న ఎక్కువ కదులుతది!

“ఇది కాదు మామా! ఇది చెరువు! సముద్రం ఇంక ముంగట్నున్నది!”

“మరి ఇంతమంది ఈడనే మునుగుతాండ్రు గదరా?”

“తెల్వనోళ్లు మామా!”

మామ పాలకుర్తి దిక్కు ఎవుసం చేసిన మనిషి. నీళ్లను ఒకసారి ఇటు నుంచి అటు చూసిండు. “మంచిగనే ఉన్నది గని, దీనికి కట్ట ఏది?”

“అవుతలి దిక్కున్నది!”

స్వప్న వాళ్లమ్మ సారత్త గంగమ్మకు ఇద్దామని పసుపు, కుంకుమ, టెంకాయ పట్టుకుని వంగింది. చెయ్యి పట్టుకుని ఆపిన. “చెరువుకెందుకత్తా? సముద్రానికే ఇద్దువు!”

ఇగ నడక సురువు. గవ్వల దుకాండ్లు దాటినం, శంఖాల దుకాండ్లు దాటినం, ఎండు చాపల వాసన దాటినం. ఎవ్వలనన్న అడుగుదామంటే ‘చూసినోనివి, అడుగుతానవేంది’ అంటరు. చివరికి ఇంకో ఒడ్డు తగిలింది. మళ్ల అవే నీళ్లు, అవే పడవలు.

“ఈ ఊర్ల చెరువులు మస్తున్నయ్ రా!” అన్నడు మామ.

స్వప్న కాళ్లు కడుక్కుని, వేలు నాలికకు తాకిచ్చుకున్నది. “శీనూ, ఈ చెరువు నీళ్లు ఉప్పగున్నయ్.”

“తమిళనాడుల నీళ్లు గట్లనే ఉంటయ్!”

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. నాకు నమ్మిందనే అనిపిచ్చింది!

అందరికి ఆకలి, చిరాకు. సారత్త నా దిక్కు చూసుడే బంద్ చేసింది. అప్పుడు యాదికొచ్చింది, గంధమాదనం గుట్ట! రాములవారి పాదాలున్నయ్, మీదికెల్లి ఊరంత కనబడతదని వీడియోల చూసిన. మూడు ఆటోలల్ల ఎక్కిచ్చుకుని పోయినం. మెట్లెక్కి, మీద అంచుకు పోయి నిలబడ్డ.

అబ్బబ్బబ్బ! ఎటు చూసినా నీలం! ఎండకు మెరుసుకుంట, ఆకాశం దాక! అన్ని మర్చిపోయిన. “అగో సముద్రం! మామా, అగో! అగో!” అని చెయ్యి చాపి ఎగురుడే!

చెయ్యి చాపిన దిక్కు చూసుకున్న. గుడి గోపురం. గోపురం ఎనుక మెట్లు. మెట్ల కాడ పడవలు. కదలకుండ.

మామ మెల్లగ అడిగిండు. “అంటే, పొద్దున నా కాళ్లకు తాకింది?”

నేను నోరు తెరవకముందే స్వప్న అందుకున్నది. “సముద్రమే నాయినా! నాకు రెండో చెరువు కాడనే తెలిసింది.”

“మరి చెప్పవైతివేంది బిడ్డా!”

“శీను ఇంక ఎన్ని చెరువులు చూపిస్తడో చూద్దామని!”

అందరు కడుపులు పట్టుకుని నవ్వుడు! మామ నవ్వలే. “నిజం చెప్పు, ఈ ఊరికి రెండుసార్లు వచ్చినవా?”

“రాలే మామా. సముద్రం చూసుడే ఇది మొదటిసారి. చూసి చెరువన్న!”

అప్పుడు మామ గూడ పగలబడి నవ్విండు. గని స్వప్న నవ్వుడు ఆపింది. నీళ్ల మీదికెల్లి చూపు తిప్పలే. “మరి నాకెందుకు అబద్ధం చెప్పినవ్?”

మిగిలినోళ్లందరు నా నోరే చూస్తాండ్రు. అండ్ల వాళ్ల నాయిన ఒకడు! ఇంకో అబద్ధం దొరుకుతదా అని ఎతికిన, దొరకలే.

“ఆ రోజు స్టూడియోల నువ్వు సముద్రం దిక్కే చూస్తానవ్ స్వప్నా... జర నా దిక్కు గూడ చూస్తవని చెప్పిన!”