సున్నం వేసిన రాయి

ఆ వేసవి శిబిరానికి నేను ఇష్టపడి వెళ్లలేదు. లాంగ్ జంప్ నాది. అయినా యూనివర్సిటీ పోటీలకు నన్ను తప్పించి మా కెప్టెన్‌ను పంపాడు మా కాలేజీలో ఆటలు నేర్పే పీడీ సార్. ఆమె ఏమీ గెలవకుండానే తిరిగొచ్చింది. ఆ మాట నేను మర్చిపోలేదు, ఎవరినీ మర్చిపోనివ్వనూ లేదు. నా నోరు మూయించడానికేనేమో, "పో, గూడెం పిల్లలకు నేర్పు, సర్టిఫికెట్ ఇస్తం" అన్నాడు సార్. అలా డిగ్రీ చదివే ఆటగాళ్లం ఆరుగురం, కెప్టెన్‌తో సహా, సార్ వెంట ఖమ్మం నుంచి బయల్దేరాం. గోదావరి దాటాక, సరిహద్దు అడవిని ఆనుకుని ఉన్న ఒక కోయగూడెంలో, సెలవులిచ్చిన బడిలో దిగాం.

బీడీలు చుట్టే తునికాకు కోసే రోజులు. పిల్లలు పొద్దున్నే తల్లిదండ్రులతో అడవికి పోయి, ఆకు కట్టలు కట్టి, ఎండ తగ్గాక మైదానానికి వచ్చేవాళ్లు. వాళ్లలో తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి ఉండేది. బక్క కాళ్లు. పరిగెత్తడం మొదలుపెడితే మేం మాటలు ఆపి చూసేవాళ్లం. నెలాఖరున ఖమ్మంలో ఆటల హాస్టల్‌కు ఎంపికలున్నాయి. అందులో నెగ్గితే ఆ పిల్లకు చదువు, తిండి, బట్టలు అన్నీ అక్కడే. ఆ పిల్లను నాకు అప్పగించారు.

వాగు ఇసుక మోసి గుంత నింపాం. దుంకేముందు కాలు పెట్టే బోర్డు మాత్రం లేదు. బడి వెనక దారి పక్కన కొన్ని రాళ్లు నిలబెట్టి ఉన్నాయి. అందులో ఒకటి, బల్లపరుపుది, పక్కకు ఒరిగి ఉంది. "ఎలాగూ పడిపోయేదేగా" అంటూ కెప్టెన్ ఇంకో ఇద్దరితో కలిసి దాన్ని మోసుకొచ్చింది. సార్ చూసి, "మంచిగుంది, సున్నం ఎయ్యండి" అన్నాడు. నేలకు సమంగా పాతారు. సున్నం వేసింది నేను.

పిల్లలెవరూ ఆ రాయి మీద కాలు పెట్టలేదు. అందరూ జానెడు ముందే ఎగిరేవాళ్లు. నా పిల్లయితే అడుగు ముందే ఎగిరేది. కొలత బోర్డు నుంచే కాబట్టి ఆ అడుగు నష్టమే.

"కండ్లు కనబడ్తలేవా? బోర్డు మీద పెట్టు కాలు!"

"పెట్టనక్కా."

"ఎందుకు?"

ఇసుక చదును చేయడానికి పోయింది. కెప్టెన్ నవ్వింది. "ఏమే జంపు రాణీ, నీ శిష్యురాలికి బోర్డును చూస్తే సిగ్గేమోనే!"

ఆ నవ్వు నాకు తగిలింది. మూడో రోజు ఆ పిల్లతో తెగేసి చెప్పాను. "ఇయ్యాల పెట్టకుంటే రేపు రాకు. ఖమ్మంకు వేరే పిల్లను తీస్కపోత."

పరుగు మొదలయ్యే చోట చాలాసేపు నిలబడింది. తర్వాత వచ్చింది. అరికాలు సరిగ్గా తెల్లటి రాయి మీద పడింది. అంత దూరం అక్కడెవరూ దూకలేదు. నేను చప్పట్లు కొట్టాను. ఆ పిల్ల ఇసుకలోంచి లేవలేదు. కుడి అరికాలికి ఇసుక రుద్దుకుంటూ కూర్చుంది.

మర్నాడు ఒక్క పిల్లా రాలేదు. ఆ పిల్ల తండ్రి గునపం పట్టుకుని వచ్చాడు.

"అది మా అమ్మ" అన్నాడు.

మాకు అర్థం కాలేదు.

"ఆ రాయి. మా అమ్మ పోయినంక ఆమె పేరు మీద పాతినం."

"మాకేం తెలుసు? ఎవరన్నా చెప్పాలిగా!" అంది కెప్టెన్.

"పిల్లలు తొక్కకుండ దుంకుతాంటే సూడలేదా అమ్మా?"

సార్ గడియారం చూసుకున్నాడు. తండ్రి రాయిని పెకలించి, పీచుతో సున్నం రుద్దాడు. గరుకు రాయి, సందుల్లో తెలుపు వదల్లేదు. నేను బిందెతో నీళ్లు తెచ్చాను. ఆయన వాటిని ముట్టుకోలేదు. వాగు దాకా తనే పోయి తెచ్చుకున్నాడు. నా తప్పు నాకు తెలుసు, కానీ ఆ నీళ్లేం తప్పు చేశాయి? ఈ మాట ఇప్పటికీ అడుగుతాను.

తండ్రిని వెతుక్కుంటూ వచ్చిన ఆ పిల్లను బడి గోడ దగ్గర పట్టుకున్నాను. "నాతోనన్న చెప్పొచ్చు గదనే?"

"సున్నం గూడ ఏసిండ్రు గదక్కా. తెల్సే చేసిండ్రనుకున్న."

తెలిసే చేశామనుకుంది. అనుకుని కూడా, నా మాట మీద తొక్కింది. ఎన్నేళ్లయినా మిట్టమధ్యాహ్నం ఖాళీ మైదానం పక్కనుంచి పోతుంటే నాకు వట్టి కాళ్ల పరుగు వినిపిస్తుంది. దగ్గరికి వస్తుంది. దుంకిన చప్పుడు మాత్రం ఎప్పుడూ రాదు.

ఎంపికలకు ఆ పిల్ల, తండ్రి రారనుకున్నాను. వచ్చారు. వస్తామని మాటిచ్చారట, అందుకని. స్టేడియంలో చెక్క బోర్డు, కొత్తగా తెల్ల రంగు వేసి ఉంది. మూడు అవకాశాలు. మొదటిసారి ఆ పిల్ల అడుగు ముందే ఎగిరింది. రెండోసారి ఇంకా ముందు. "అది చెక్కనే, వట్టి చెక్క!" అని అరిచాను. నా వైపు చూసి తలూపింది. మూడోసారి బోర్డు దగ్గరికి వచ్చేసరికి కాలు దానంతటదే వెనక్కి తగ్గింది.

కొలిచే ఆయన టేపు చుడుతూ, "గీ కొలతతోని ఎంపిక కాదు. గింత జాగ ఇడిసిపెడ్తదా? ఎవరమ్మా నేర్పింది?" అన్నాడు.

కెప్టెన్ నన్ను చూపించింది. సార్ కూడా నన్నే చూపించాడు. వాళ్లిద్దరితో ఆ రోజు నుంచి నేను మాట్లాడలేదు, మాట్లాడను.

"రాయి నేను తేలేదు" అన్నాను గట్టిగా.

ఆ పిల్ల నా పక్కనే ఉంది. చెప్పులు తొడుక్కుంటోంది.