కడిగిన కొర్రమట్ట

నన్ను కన్న అవ్వ మంథనిలో చేపలు అమ్ముతుంది. అందుకని కరీంనగర్ కాలేజీలో మా జువాలజీ ప్రాక్టికల్ పరీక్షకు కొర్రమట్టలు తెచ్చే పని సారు నా నెత్తిన పెట్టాడు. తలా ఒక చేప, పైన ఇంకొకటి. ఆ పరీక్ష గట్టెక్కితేనే నాకు ఎమ్మెస్సీ చదువు.

చేప పేగులకు నెత్తురు ఎట్లా చేరుతుందో కోసి చూపించాలి. మొప్పల నుంచి వచ్చిన నెత్తురు వెన్నెముక కింద పెద్ద ధమనిలో కలుస్తుంది. దాన్నుంచి ఒక కొమ్మ చీలి కాలేయానికి, జీర్ణాశయానికి, పేగులకు పోతుంది. దాన్ని తెగకుండా విడదీసి, కింద నల్లకాగితం పెట్టాలి. వేళ్లు కోసుకుంటూ నేర్చుకున్నాను.

పొద్దున్నే అవ్వ అందరి చేపలూ ఐసుపెట్టెలో సర్దింది. నాది మాత్రం స్టీలు డబ్బాలో పెట్టి మూత బిగించింది. “గిది నీది బిడ్డా. మంచిది ఏరి పెట్టిన,” అంది.

పరీక్ష బల్ల మీద మూత తీస్తే ఏముంది! పొలుసు గీకి, పొట్ట చీరి, పసుపు రాసి కడిగిన చేప. లోపల ధమని లేదు, పేగు లేదు. మా ఇళ్లల్లో పచ్చి చేప బేరానికి వచ్చినవాళ్లకే; అయినవాళ్లకు కడిగే ఇస్తాం. చేప కోసే పరీక్ష అని చెప్పినందుకు, బిడ్డకు పని తగ్గిద్దామని తనే కోసిపెట్టింది నా తల్లి. ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి.

పైన తెచ్చిన చేప ఇవ్వమని సారును బతిమాలాను. అది పరీక్ష తీసుకోవడానికి బయటినుంచి వచ్చిన పెద్దసారు భోజనానికట. నాది కడిగే ఉంది, అదే వండించండి అన్నాను. ల్యాబు బల్ల ఎక్కిన చేప ఎవరు తింటారని కసిరాడు. పెద్దసారు నా డబ్బాలోకి తొంగిచూసి, కారం కూడా పట్టించి తేవాల్సిందన్నాడు. అందరూ నవ్వారు. మా అవ్వ తెచ్చిన చేపలు ముందు పెట్టుకునే నవ్వారు, సిగ్గులేనోళ్లు. నాకు సున్నా పడింది.

పరీక్ష అయ్యాక సారు ఆ మిగిలిన చేపను నా చేతిలోనే పెట్టాడు.

“నీకైతే అలవాటే గదా. జర కడిగియ్యి.”

వెనక నల్లా దగ్గర కూర్చుని పొట్ట చీరాను. వెన్ను కింద ధమని, దాని కొమ్మ, పేగుల దాకా ఎర్రగా, ఎక్కడా తెగకుండా ఉంది. ఒక్కసారి చూడండి సార్ అన్నాను. అన్నం వేళైతుంది, తొందరగా కానియ్యమన్నాడు.

అవ్వ నేర్పినట్టే అంతా ఒక్క గుంజు గుంజి కాకులకు వేశాను.