సూదుల మంచం కింద కనిపించిన పాదాలు

దెయ్యాలను నమ్మేవాళ్లంటే నాకు జాలి లేదు, చిరాకు. దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్‌లో ఒక ఫ్యాక్టరీకి నేను సేఫ్టీ ఆఫీసర్‌ని. కార్మికుల క్యాంపులో ఎవడికి కళ్లు తిరిగినా గాలి సోకిందని తాయెత్తు కట్టుకుంటాడు. ఎండలో నీళ్లు తాగకుండా పనిచేస్తే గాలి కాదు, వడదెబ్బ సోకుతుందని అరిచి అరిచి విసిగిపోయాను.

కరోనా తగ్గిన కొత్తల్లో నాకు సయాటికా పట్టుకుంది. నడుములో మొదలై, పిరుదు మీదుగా మడమ దాకా కరెంటు షాక్ కొట్టినట్టు నొప్పి. మాత్రలు మింగాను, ఫిజియోథెరపీ చేయించుకున్నాను. తగ్గలేదు. నిచ్చెన ఎక్కలేని సేఫ్టీ ఆఫీసర్‌ను ఏ కంపెనీ ఉంచుకుంటుంది?

నా రూమ్మేట్ సుధాకర్‌ది కరీంనగర్. వాడు నమ్మనిదంటూ ఈ లోకంలో లేదు.

"అన్నా, చైనా ఆయన దగ్గరికి ఒక్కపారి వచ్చి సూడరాదే. నాలుగు సూదులు, నొప్పి ఖలాస్."

వాడి పోరు పడలేక ఒక శుక్రవారం జుమ్మా నమాజు కాగానే వాడి వెంట ఆ క్లినిక్‌కి వెళ్లాను. సీసాల్లో ఎండిన మూలికలు, గోడ మీద బస్సు రూట్ల మ్యాపులా గీతలు గీసిన మనిషి బొమ్మ. నొప్పి కాల్లో ఉందంటే ఆ ముసలి వైద్యుడు నాలుక చాపమన్నాడు. ఒంట్లో 'చీ' అనే శక్తి అడ్డుపడిందట. నేనూ ఛీ అనబోయి, మర్యాదగా ఉండదని ఊరుకున్నాను.

బోర్లా పడుకోబెట్టి నడుములో, మోకాలి వెనక, పిక్కలో సూదులు గుచ్చాడు. పిక్క మీదికి ఎర్రటి వేడి దీపం వంచి, కదలొద్దని సైగ చేసి, తెర లాగి వెళ్లిపోయాడు. ముఖం పెట్టుకునేందుకు మంచానికి ఒక రంధ్రం ఉంది. అందులోంచి తెల్లటి టైల్స్ తప్ప నాకేమీ కనిపించవు.

కాసేపటికి ఆ టైల్స్ మీద రెండు పాదాలు కనిపించాయి.

ఆడమనిషి పాదాలు. చెప్పుల్లేవు. వేళ్లకు మెట్టెలు, పగిలిన మడమలు, చీలమండల దాకా తడి నల్లమట్టి. ఊడ్చే మనిషి కాబోలు, రోగి ఉన్న గదిలోకి ఈ మట్టికాళ్లతో రావడమేమిటని ఒళ్లు మండింది. ఇంగ్లీషులో బయటికి వెళ్లమన్నాను. కదల్లేదు.

నా చెవి పక్కనే, మెల్లగా, తెలుగులో అంది: "కాలు తీయప్పా."

ఆలోచించలేదు, సూదులతో సహా కాలు లాగేసుకున్నాను. నొప్పికి కేక పెట్టాను. ఆ కేక ఆగకముందే దీపం కూలి, నా పిక్క ఉన్నచోట రెగ్జిన్ మీద పడింది. కాలిన వాసన వచ్చింది.

వైద్యుడు పరుగెత్తుకొచ్చి దీపం ఆర్పి, సూదులు తీశాడు. నేను ముందు నేల చూశాను. మట్టి లేదు, తడి లేదు. ఆ గదికి ఒకటే తలుపు. దానికి ఎదురుగా సుధాకర్ కూర్చుని ఉన్నాడు.

"ఇప్పుడు బయటికొచ్చిన ఆడమనిషి ఎవరు?"

"ఎవ్వరు రాలేదన్నా. ఆయనొక్కడే లోపలికి ఉరికిండు. ఏమైంది?"

చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. "మీ నాయనమ్మ వచ్చి కాపాడింది" అని దారి పొడుగునా కళ్లు తుడుచుకున్నాడు.

మాది నెల్లూరు. మా దాదీ బతికినన్నాళ్లూ నాతో ఉర్దూలోనే మాట్లాడింది. ఆమె కాలికి మెట్టెలు నేనెరగను. 'అప్పా' అనే పిలుపు మా ఇంట్లోనే కాదు, మా వీధిలోనే లేదు. అది అనంతపురం వైపు మాట. అటువైపు నాకు చుట్టాలు లేరు, స్నేహితులు లేరు.

ఆ సాయంత్రమే వెనక్కి వెళ్లి దీపం పరిశీలించాను. బిగింపు స్క్రూ మరలు అరిగిపోయాయి. అది ఎందుకు పడిందో నేను రాతపూర్వకంగా చెప్పగలను. పడబోతోందని ఆమెకెలా తెలుసో చెప్పలేను.

నొప్పి నెమ్మదిగా తగ్గింది. సూదులవల్లో, మాత్రలవల్లో, రోజులు గడిచినందువల్లో తెలియదు. చైనా వైద్యాన్ని ఇప్పటికీ నమ్మను. దెయ్యాలనూ నమ్మను. సొంత మనిషే వచ్చిందని సుధాకర్‌లా ఏడ్చేందుకైనా నాకు వీల్లేదు. నా పేరు కూడా తెలియని ఎవరో ఒకామె, ఏ చేలోంచో అలాగే లేచి వచ్చినట్టు, నా కాలు కాలకూడదని వచ్చింది. ఎందుకో నాకు తెలియదు.