ఫ్లాసీ అంటే ఏమిటండీ?

ఈ రోజు మా స్కూలుకి ఇన్‌స్పెక్ట్రెస్ గారు వచ్చారు. ఏలూరులోని ఈ ఆడపిల్లల స్కూల్లో నేను కుట్టుపని టీచర్ని. నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. అంతా ఆవిడ రాసే రిపోర్టు మీదే ఉంది. పట్టుదారంతో కొల్లేటి బాతులు కుట్టిన నా దిండుని ఆవిడ నిమిరి చూసి, పుస్తకంలో ఇంగ్లీషులో ఒక్క మాట రాశారు. ఫ్లాసీ.

ఆ మాట నేనెప్పుడూ వినలేదు. ఆవిడ వెళ్ళగానే ఇంగ్లీషు మేష్టారి దగ్గరికి పరుగెత్తాను. ఆయన నిఘంటువు తీసి, నా వంక చూడకుండా చెప్పారు.

"నూగులా మెత్తగా ఉండేదని ఒక అర్థం ఉందండీ. పైపై తళుకులు ఎక్కువని ఇంకోటి ఉందండీ."

"నా దిండుకి ఏదంటారు?"

"అది రాసినావిడే చెప్పాలండీ."

ఆయన నవ్వు దాచుకుంటున్నారని నాకు అనుమానం వచ్చింది. ఉండబట్టలేక రిక్షా ఎక్కి స్టేషన్‌కి వెళ్ళాను. తాడేపల్లిగూడెం వెళ్ళే రైల్లో కిటికీ పక్కన కూర్చున్న ఇన్‌స్పెక్ట్రెస్ గారిని అడిగేశాను.

"బాతు పొట్ట చేతికి నిజంగా నూగులా తగిలిందమ్మా. మెచ్చుకునే రాశాను. మిమ్మల్ని ఖాయం చెయ్యమని కూడా రాశాను" అన్నారావిడ.

కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నమస్కారం పెట్టాను. కానీ రైలు కదిలేదాకా ఆవిడ చూపు నా చీర జరీ అంచు మీదే ఉంది. ఇంతకీ ఆ మాట దిండుకేనా, నాక్కూడానా? మీరైతే ఏమనుకునేవారో చెప్పండి.