అత్త ఆడిన ఫ్యాక్షన్

అత్త పోయిందని నాయన ఫోన్ చేసినప్పుడు నేను రేణిగుంటలో ఫ్యాక్టరీ బస్సు దిగుతున్నాను. "టీ తాగి గ్లాసు కింద పెట్టిందమ్మా, అంతే" అన్నాడు. ఆమె నాయనకు అక్క. నన్ను సగం పెంచింది ఆమే. నేను నగరికి చేరేసరికి మా వీధిలో మరమగ్గాలన్నీ ఆపేశారు. అలవాటు లేని ఆ నిశ్శబ్దంలో నాకు గుర్తొచ్చిన సంగతి వింటే ఎవరైనా నవ్వుతారేమో. మేమిద్దరం కలిసి కంప్యూటర్లో ఆడుకున్న ఆట అది.

మా ఇంట్లో బడి దాటి కాలేజీకి పోయింది నేనే మొదలు. చదువుకని కొన్న పాత ల్యాప్‌టాప్‌లో వెనకటి రాజుల ఆట ఒకటి ఉండేది. కోటలు, గుర్రాలు, పెళ్లిళ్లు, యుద్ధాలు. మొదటిసారి తెరిచి, తెర మీదున్న మాట పైకి చదివాను. 'నీ ఫ్యాక్షన్ ఎంచుకో' అని. పక్కన కండెలు చుడుతున్న అత్త రాట్నం ఆపి వచ్చి, ల్యాప్‌టాప్ మూత మూసేసింది.

"నిన్ను సదివించింది ఫ్యాక్షన్ చేసేదానికా పాపా?"

ఇంగ్లీషులో ఆ మాటకు వర్గం అని మాత్రమే అర్థమని సర్దిచెప్పబోయాను.

"ఈడ గూడా అదే అర్థం" అంది.

అత్తను కడప వైపు ఒక పల్లెకిచ్చారు. అక్కడి రెండు వర్గాల పగలో మామ పోయాడు. ఆయన కత్తి పట్టినవాడు కాదు. ఆ రోజు ఒక వర్గంవాళ్ల జీపులో కూర్చున్నాడు, అంతే. అత్త పుట్టింటికి వచ్చేసింది. మా ఇంట్లో ఎవరూ ఆ సంగతి ఎత్తేవారు కాదు.

కొన్నాళ్లకు ఆమే వచ్చి నా పక్కన కూర్చుంది. ఆ ఆటలో మన వర్గానికి లక్ష్యాలు ఇస్తారు. మాకు వచ్చింది చాలా కష్టమైనది. పక్క వంశం చేతిలోని కొండకోట గడువులోగా మనది కావాలి. నేను సైన్యాన్ని పంపబోతే అత్త నా చేయి పట్టుకుంది.

"యుద్ధానికి పోకుంటే ఏమైతాది?"

"మన సామంతులు మనల్ని వదిలేసి పోతారత్తా."

"పోతే పోనీ. బతికుంటారు గదా."

అలా ఎన్నిసార్లు ఓడిపోయామో. సామంతులు పోయేవారు, చివరికి రాజధానీ పోయేది. అత్తకు ఆట రాదు, వచ్చినట్టు నటించేదీ కాదు. మళ్లీ మొదటినుంచి ఆడమనేది. నాకు విసుగొచ్చేది. వంశవృక్షం తెరిస్తే, చనిపోయినవాళ్ల ముఖాలు అందులో బూడిదరంగులో కనిపిస్తాయి. అత్త చూసేది అదొక్కటే. ముసలితనంతో పోయినవాళ్లను చూసి ఏమీ అనేది కాదు. ఆ ఇంట్లోగానీ ఈ ఇంట్లోగానీ కత్తికి ఒక్కరూ పోకుండా కోట రావాలి. అదీ ఆమె పంతం.

చివరికి ఆ వంశం పిల్లను మా రాకుమారుడికి అడిగాం. రాయబారిని తిప్పి పంపేశారు. "ఇంగోసారి పంపు. పిల్లనడిగేదానికి పోయినోడు సెప్పులరిగేదాకా తిరగాల" అంది అత్త. తిరిగాడు. గడువు ముగియబోతుండగా ఒప్పుకున్నారు. పెళ్లితో కోట మాకూ దక్కింది, దాని మీద రెండు జెండాలు ఎగిరాయి.

"అందరూ ఉండారా?"

"ఉండారత్తా."

ఒక్కొక్కరి పేరూ చదివించుకుంది. కష్టమైన పని ఎదురైనప్పుడు ఇంకో దారి ఉందేమోనని ఆగి చూడడం నాకు అలవాటైంది ఆమె వల్లే.

తర్వాత ఆ జంటకు కొడుకు పుట్టాడు. ఏం పేరు పెట్టాలని ఆట అడిగింది. నేను అత్తను అడిగాను. మా పెద్దవాళ్లలో ఆడవాళ్లు పెనిమిటి పేరు పలకరు. ఆమె నోట నేను ఎన్నడూ వినని ఆ పేరు, తెర వైపే చూస్తూ మెల్లగా చెప్పింది. టైపు చేశాను.

"తప్పు లేకుండా రాసినావా? ఇంగోసారి సదువు."

చదివాను.

దినాలు అయ్యాక రేణిగుంటలోని గదికి వచ్చేశాను. మొన్న సెలవురోజు పొద్దున ఆట తెరిచాను. ఎక్కడా యుద్ధం లేదు. వంతు తర్వాత వంతు ముగించుకుంటూ, ఆటలో ఏళ్లు గడిపేస్తూ పోయాను. పిల్లవాడికి మీసం వచ్చింది. పెళ్లయింది. మామ పోయిన వయసు దాటాడు. మధ్యాహ్నానికి అతని గడ్డంలో తెల్ల వెంట్రుకలు కనిపించాయి. నేను ల్యాప్‌టాప్‌ను కొంచెం పక్కకు తిప్పాను, అత్తకు కనపడేలా.