బాయిని బావి చేసిన గోల్ఫ్ రిసార్టు

గోల్ఫ్ మీద నాకు ఏనాడూ మనసు లేదు. అలాంటిది పోయిన ఆదివారం పొద్దున్నే మా మేనత్త రాజవ్వను వెంటబెట్టుకుని ఒక గోల్ఫ్ రిసార్టుకు బయల్దేరానంటే దానికి కారణం ఒక ఫొటో. మా చుట్టాలబ్బాయి అక్కడ పెళ్లిరోజు చేసుకుని ఫొటోలన్నీ వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. ఒకదాంట్లో గడ్డి మధ్య చిన్న కొలను, పక్కన నగిషీ బోర్డు: "మల్లయ్య బావి. పూర్వం మల్లయ్య అనే కూలీ తాగిన మత్తులో ఇక్కడి బావిలో పడి చనిపోయాడట. మీ బంతి నీళ్లలో పడితే మల్లయ్య పట్టుకున్నట్టే!" ఆ మల్లయ్య మా అత్త భర్త. ఆయన పోయింది బొగ్గు గనిలో, పైనుంచి బండ కూలి. మా వైపు నీళ్ల బావినీ బాయే అంటారు, బొగ్గు గనినీ బాయే అంటారు. 'మల్లయ్య బాయిల పోయిండు' అన్న మాట ఎవరో మహానుభావుడి చెవిన పడింది. ఆయన గనిని బావి చేశాడు, అది చాలక మనిషిని తాగుబోతును చేశాడు. ఫొటో చూసి అత్త మనవరాలు "తాత తాగుతుండెనా నానమ్మా?" అని అడిగిందట. అత్త అప్పటికప్పుడు నాకు ఫోన్ చేసి, "నన్నాడికి తోల్కపో బిడ్డా. ఆ బోర్డు తీపియ్యాలె" అంది.

అత్తది నస్పూర్. ముందు రోజే గోదావరిఖనిలో మా ఇంటికి వచ్చేసింది. ఎనిమిది గంటలకు మంచిర్యాల బస్సెక్కి, గోదావరి బ్రిడ్జి దాటాక జైపూర్ వైపు రోడ్డు తిరిగే చోట దిగాం. అక్కడి నుంచి ఆటోనే దిక్కు. రెండు వందలు అడుగుతారు, నూటయాభైకి వస్తారు. మా ఆటో డ్రైవర్ సమ్మయ్య అత్తను అద్దంలో చూసి నవ్వాడు.

"ఏందవ్వా, ఈ వయసుల గోల్ఫ్ ఆడ పోతున్నవా?"

"ఆడ గాదు బిడ్డా, కొట్లాడ పోతున్న."

సంగతి చెప్తే అతని నవ్వు ఆగిపోయింది. "దినాం మందిని దింపుతనే ఉన్న. గేటు లోపటికి మమ్మల్ని రానియ్యరు గదా, గిట్ల రాసిన్రని ఎట్ల తెలుస్తది? నువ్వు పోయిరా అవ్వా, నేనీడనే ఉంట" అని రిసార్టు గేటు బయట చెట్టు కింద ఆటో ఆపేశాడు. మీరు వెళ్తే ఆటోను ఇలాగే ఆపుకోండి, తిరుగు దారిలో ఒక్కటీ దొరకదు.

ఆడనివాళ్లకు టికెట్టు మనిషికి ఐదు వందలు. భోజనం, బ్యాటరీ బండిలో కోర్సు చూపించడం అందులోనే. ముందుగా రిసెప్షన్ పక్కన చరిత్ర గది చూపిస్తారు. రిసార్టు పెట్టిన పెద్దాయన కోస్తా నుంచి వచ్చి గనులకు దుంగలు సరఫరా చేసే కాంట్రాక్టు పట్టాడట. గని ఆఫీసర్లు సరదాగా గోల్ఫ్ ఆడటం చూసి తనకూ గోల్ఫ్ పిచ్చి పట్టుకుంది. ఇక్కడి గని మూతపడ్డాక దాని పక్కన పట్టా భూములు కొని మొదటి కోర్సు వేశాడు. నీళ్లు లేవు కాబట్టి గడ్డి లేదు, జెండా పాతిన హోల్, అంటే బంతి పడాల్సిన గుంట చుట్టూ ఇసుకలో నూనె కలిపి పరిచేవారు. దాన్ని ఇప్పటికీ 'బ్రౌన్ కోర్సు' అంటున్నారు. కొడుకు బోర్లు వేయించి తొమ్మిది హోల్స్‌కు గడ్డి పరిచాడు. మనవడు కాటేజీలు, ఈత కొలను కట్టాడు. గోడ మీద పెద్దాయన దుంగల లారీకి ఆనుకుని నిలబడ్డ ఫొటో ఉంది. అత్త దాని ముందు చాలాసేపు నిలబడింది.

గైడు స్వప్న హైదరాబాద్ అమ్మాయి, చదువుకున్న పాఠం గడగడా అప్పజెప్పింది. కోర్సు బాగుందనే చెప్పాలి. రెండో హోల్ దగ్గర వేపచెట్ల వరుస, ఐదో హోల్ దగ్గర దూరంగా పవర్ ప్లాంటు గొట్టాలు. "గీ గడ్డికి గిన్ని నీళ్లా? మా కాలనీల నల్లా దినం ఇడిసి దినం వస్తది" అని అత్త గొణిగింది. తొమ్మిదో హోల్ దగ్గర స్వప్న బండి ఆపి, నవ్వుతూ బోర్డు చదవబోయింది.

"చదవకు. ఆయన నా పెనిమిటి" అంది అత్త.

పాపం, ఆ పిల్ల గబగబా బండి దిగింది. ఫోన్ చేసి యజమానిని పిలిపించింది. వచ్చినాయన మనవడు శ్రీధర్ గారు, నలభై ఏళ్లుంటాయి. చాలా మర్యాదస్తుడు, కోపం పెంచేంత మర్యాద.

"చరిత్ర రాయడానికి హైదరాబాద్ నుంచి ఒకాయన్ని పిలిపించామండీ. ఇక్కడి ముసలివాళ్లతో మాట్లాడే రాశారు. బాయి అంటే బావే కదండీ?"

"మీ తాత దుంగలు నీళ్ల బాయికి అమ్మిండా?" అంది అత్త. "బాయిల మా మొగోళ్ల నెత్తి మీద బండ పడకుండ నిలవెట్టెటియి గా దుంగలే. గా పైసలతోనే గదా ఈ గడ్డి."

ఆయన ముఖం ఎర్రబడింది. మరి తాగిన మత్తు ఎక్కడి నుంచి వచ్చిందని నేను అడిగాను. "కథ కాస్త ఆసక్తిగా ఉండాలని..." అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. కూలీ అని రాస్తే పక్కన తాగుడు దానంతటదే వచ్చి కూర్చుంటుందా? మీ తాతగారి గురించి ఆసక్తి కోసం ఒక్క ముక్క కల్పించారా అని అడిగేశాను.  దానికి ఆయన, వచ్చే వారం కొత్త బోర్డు పెట్టిస్తాననీ, ఈలోపు భోజనం చేసి వెళ్లమనీ అన్నాడు.

"వారం దాంక మా ఆయన తాగుబోతేనా?"

అత్త గొంతు పెంచలేదు, కానీ అక్కడి నుంచి కదలనూ లేదు. చివరికి ఇద్దరు తోటమాలులు గడ్డపార తెచ్చి బోర్డు పెకిలించారు. కొత్తదాని మీద ఏం రాయాలో చెప్పమని శ్రీధర్ రాసుకోవడానికి ఫోన్ తీశాడు. "సెకండ్ షిఫ్టుల బాయి దిగిండు. డ్యూటీల పానం పోయింది. గంతే రాయి" అంది అత్త. భోజనం ముట్టకుండా వచ్చేశాం, దారిలో సమ్మయ్య ఆపిన చోట ముగ్గురం మిర్చీ బజ్జీలు తిన్నాం. ఆ రాత్రి అత్త మనవరాలికి ఫోన్ చేసి, "తప్పు రాసిన్రు బిడ్డా, తీపిచ్చిన" అని మాత్రం చెప్పింది.

ఇది రాస్తున్నప్పుడూ నా కోపం చల్లారలేదు. ఎవరైనా గోల్ఫ్ ఆడుకోవచ్చు, తమ తాత ఫొటో గోడకు పెట్టుకోవచ్చు, తప్పు లేదు. కానీ ఒక ఇంటి చరిత్రకు ప్రత్యేకంగా గది, ఇంకో ఇంటి చావు బంతి పోయినప్పుడు నవ్వుకోవడానికా? అడగడానికి మా అత్త వచ్చింది కాబట్టి ఆ ఒక్క బోర్డు పోయింది. అడిగేవాళ్లు రాని ఊళ్లలో ఇలాంటివి ఎన్ని ఉన్నాయో. వెళ్లాలనుకునేవాళ్లు ఎండ ముదరకముందే, పదిలోపు చేరుకోండి. ఇంకొక్క మాట: ఈ బొగ్గు ఊళ్లలో ఏ ముసలమ్మైనా తన మనిషి బాయిల పోయిండని చెప్తే, అదెంత లోతని అడగకండి. ఏ షిఫ్టని అడగండి.